చేయి శుభ్రమేనా?

విడుదలకు 12 రోజులు
వేడి 27. తేమ 80. చేయి శుభ్రమేనా? వర్తించదు.

ఈ మూడో గడి ఇంకా ఎందుకు అచ్చువేస్తున్నారో ఆ ఆఫీసువాళ్ళకే తెలియాలి. ఇరవై రెండేళ్ళుగా ఈ గదిలో ఎవరూ దోమలకు చెయ్యి అందించడం లేదు. గిన్నెలో పశువు రక్తం పోసి, పైన పల్చటి పొర కట్టి వెచ్చబెడితే అవే వచ్చి తాగుతాయి. కానీ పుస్తకం పాతది, గడులు పాతవి, రాసే నేనూ పాతదాన్నే. అరవై ఆరేళ్ళు. పేరు గొర్లె సత్యవేణి. కింద గూడేల్లో దోమలమ్మ అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఎవరైనా సత్యవేణి గారూ అంటేనే వెనక్కి తిరిగి చూస్తున్నాను, ఎవరినా అని.

ఉదయం పనులు అయ్యాయి. ట్రేలలో పిల్లపురుగులకు చేపమేత పొడి చల్లాను. చక్కెరనీళ్ళ దూది మార్చాను. మా గదిలో పగలే చీకటి, రాత్రి దీపాలు. దోమలకు ఆకలేసే వేళకు మనకు మెలకువ ఉండాలి కదా, అందుకని అలా తిప్పి పెట్టాం. తొంభై పంజరాలూ బాగున్నాయి.

ఇవి మామూలు దోమలు కావు. మనిషి వాసన తగిలితే మొహం తిప్పేసుకుని గొడ్ల దగ్గరికి పోయే జాతి. విముఖి అని నేనే పేరు పెట్టాను. మూడేళ్ళు, అరవై తరాలు, మనిషి చేతి మీద వాలనివాటినే ఏరి ఏరి గుడ్లు పెట్టించాను. ఆ గుణం అడవి దోమలన్నిటికీ అంటుకునేలా విత్తనంలోనే ముడి వేశాం. కింద పదకొండు గూడేల్లో వదిలాం. రెండో వానాకాలానికి మలేరియా సున్నా. ఆ సున్నా మీదే నా బతుకంతా నడిచింది.

పన్నెండు రోజుల్లో తేలే లంకల్లో విడుదల. సముద్రం మింగిన నేల మీద తొంభై లక్షల మంది పడవల ఊళ్ళు కట్టుకుని బతుకుతున్నారు. దోమల పెట్టె మూత నా చేత్తోనే తియ్యాలట. ఆ రోజే అక్కడి దోమతెరలన్నీ వెనక్కి తీసుకుంటారు, మందుల నిల్వలు తీసేస్తారు, రక్తం చూసేవాళ్ళను ఇంటికి పంపేస్తారు. ఇక్కడా అలాగే చేశాం. ఆ కాగితం మీద సంతకం నాదే.

ఇదంతా రాస్తూ ఉండగా చిలకమ్మ వచ్చింది. వంతల చిలకమ్మ. అప్పట్లో ఈ గదిలో అటెండరు. ట్రేలు కడిగేది, పురుగులకు మేత వేసేది, నన్ను తిట్టి అన్నం తినిపించేది. ఇప్పుడు బూరుగుగరువులో కొడుకు దగ్గర ఉంటోంది. ఈ వయసులో గంట సేపు కొండెక్కి వచ్చిందంటే ఊరికే రాదు.

"సత్తేణమ్మా, మా కోడలికి జొరం. జొరంపెట్టి ముందల సెయ్యెట్టించినాం. 'ఇతర జొరం, ఇంటికాడే ఉండండి' అంతాది." చెయ్యి పెడితే రోగం పేరు చెప్పే యంత్రం అది, గూడేనికొకటి పెట్టారు.

"అంటే అంతే మరి. నాలుగు రోజులు చూడు."

"పెట్టికేటి తెలుసు! రోజు మార్చి రోజు వొస్తాది. ముందల సలి. మంచం దడదడలాడిపోతాది. ఆనక పెనం లాగ కాలిపోతాది. ఆనక సెమట్లట్టేసి, ఏటీ అవనట్టు లేచి కూకుంతాది."

కలం కింద పెట్టేశాను. ఈ మాటలు నేను విని ఇరవై ఏళ్ళయింది.

విడుదలకు 11 రోజులు
వేడి 27. తేమ 79. చేయి: వర్తించదు.

బూరుగుగరువు వెళ్ళి వచ్చాను. కోడలి పేరు సొనాయి. ఇరవై నాలుగేళ్ళు, ఏడో నెల. కళ్ళు పచ్చబడ్డాయి, నాలుక తెల్లగా పాలిపోయింది. వేలి చివర సూదితో గుచ్చి, గాజుపలక మీద చుక్క తీసుకున్నాను. "ఇదేటి పిన్నీ, పెట్టి ఉండగా సూదెందుకు?" అంది. రక్తం అద్దం మీద చూసే పద్ధతి ఒకటుండేదని ఆ పిల్లకు తెలియదు. తెలిసినవాళ్ళలో ఈ జిల్లాలో మిగిలింది నేనొక్కదాన్ని.

రక్తానికి అద్దే నీలం రంగు సీసా అడుగున నాలుగు చుక్కలున్నాయి. మైక్రోస్కోపు దుమ్ము దులిపాను. చూశాను. కణాల్లో ఉంగరాలు. ఒకటా రెండా! మలేరియా, అందులోనూ మెదడుకెక్కే రకం.

అమ్మ బాబోయ్ అని పైకే అన్నాను. గదిలో దోమలు తప్ప ఎవరూ లేరు.

గదిలో పనిచేసేవాళ్ళ కోసం దాచిన మందు రెండు పూర్తి మోతాదులున్నాయి. గడువు తీరి ఎనిమిదేళ్ళు. పనిచేస్తే సగమే చేస్తుంది. అయినా మళ్ళీ కొండ దిగి ఒకటి మింగించి వచ్చాను. ఆఫీసుకు కబురు పంపితే తెరలా వెలిగే మా గది గోడ వెంటనే బదులిచ్చింది: "మీరు రాసిన వ్యాధి ఈ జిల్లా జాబితాలో లేదు. దయచేసి ఉన్న వ్యాధిని ఎంచుకోండి."

జాబితాలోంచి తీసేయించింది ఎవరు? నేనే. సన్మానం కూడా చేశారు.

విడుదలకు 9 రోజులు
వేడి 27. తేమ 80. చేయి: వర్తించదు.

నిన్న పొద్దు వాలే వేళకు చిలకమ్మ వాకిట్లో కూర్చున్నాను. ఒక చేతిలో పీల్చే గొట్టం, ఇంకో చేతిలో ఊదా దీపం. విముఖి దోమ కళ్ళు ఆ దీపం కింద ఎర్రగా మెరుస్తాయి, గుర్తు కోసం మేమే అలా పెట్టాం. నా లెక్క ఏమిటంటే, ఎక్కడి నుంచో పాత జాతి దోమ వలస వచ్చి ఉంటుంది. అలా అయితే తప్పు నాది కాదు. నిజం చెప్పొద్దూ, అలాగే కావాలని మొక్కుకున్నాను.

అరగంటలో నా కాళ్ళ మీద ఇరవై ఆరు పట్టాను. ఇరవై ఆరింటికీ ఎర్ర కళ్ళు.

పక్కనే గొడ్లపాకలో రెండు ఆవులు నెమరు వేస్తున్నాయి. వాటి మీద మూడే ఉన్నాయి.

చిలకమ్మ నా మొహం చూసి, "ఏటయింది? మనయేనా?" అంది. మన దోమలేనా అని. ఆవిడ ఇప్పటికీ వాటిని మన అనే అంటుంది.

"మనవే."

"మరి మనిసి మీద వాలవంటివి కదా?"

పీల్చే గొట్టం నోట్లో పెట్టుకున్నాను, మాట్లాడే పని తప్పుతుందని.

గూడెం పెద్దను అడిగితే మూడేళ్ళలో ఇతర జ్వరం కింద పద్నాలుగు మంది పోయారని చెప్పాడు. వేళ్ళ మీద ఒక్కొక్క పేరూ చెప్పాడు. ఆ మూడేళ్ళూ నేను కొండ దిగలేదు. మోకాళ్ళ నొప్పులు, బిరుదులు.

విడుదలకు 8 రోజులు
వేడి 27. తేమ 80. చేయి: అవును, కడిగాను.

గడి నిండింది చూశారా! ఇరవై రెండేళ్ళ తరువాత పొడుగు పంజరం బయటికి తీశాను. ఒక కొసన నా చెయ్యి, రెండో కొసన వెచ్చటి రక్తపు గిన్నె. వంద ఆడదోమలను వదిలాను. పాత రోజుల్లో వందకు తొంభై ఎనిమిది అటు పోయేవి.

ఎనభై ఒకటి నా చేతి మీద వాలాయి.

నా పంజరంలో, నా చీకట్లో, నేను పెంచిన దోమలు. విత్తనం చూశాను, ముడి చెక్కుచెదరలేదు. జాతి మారలేదు. మరి మారిందేమిటి?

గోడ మీద ఇంద్రకుమార్‌ను పిలిచాను. ఈ విడుదలకు కమిషనరు అతనే. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. సెలైన్ సీసా కూడా తిన్నగా పట్టుకోలేని పిల్లవాడు, ఇప్పుడు భుజం మీద నక్షత్రాలు.

"మేడమ్, మీరు గురువుగారు, కాదనను. కానీ ఒక గూడెంలో ఒక చుక్క రక్తం చూసి తొంభై లక్షల మంది పని ఆపమంటే ఎలా?"

"చుక్కేనయ్యా, ఎప్పుడైనా చుక్కలోనే ఉంటుంది."

"కారణం చెప్పండి. ఇన్నేళ్ళు పనిచేసిన దోమ ఇప్పుడెందుకు పనిచెయ్యదు?"

అదే వెతుకుతున్నానన్నాను. అతను నమస్కారం పెట్టి గోడ ఆర్పేశాడు. పెట్టిన నమస్కారం మాత్రం బాగుంది.

విడుదలకు 7 రోజులు
వేడి 28. తేమ 80. చేయి: ఈ రోజు పరీక్ష లేదు.

సొనాయిని మా దోమల కేంద్రానికి తెచ్చేశారు. జ్వరం కాస్త తగ్గింది, నీరసం తగ్గలేదు. గాలిపడవ ఆంబులెన్సు రమ్మంటే జ్వరంపెట్టె ఒప్పుకోవాలట. ఇతర జ్వరానికి రాదట. రెండో మోతాదు మందూ ఇచ్చేశాను. ఇక లేదు.

మధ్యాహ్నం చిలకమ్మ నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది. నిన్నటి కాట్లతో మోచేతి దాకా దద్దుర్లు.

"ఓసి నీ సదువు సంతకెల్లా! అరవయ్యారేళ్ళొచ్చినా బుద్ది రాలేదు నీకు. మళ్ళా సెయ్యెట్టినావా? పుండు పడిపోదా?"

గుడ్డమూటలోంచి పసుపుకొమ్ము తీసి, అరగదీసి, వలిసెనూనెలో కలిపి మోచేతి దాకా పట్టించింది. అప్పట్లో రోజూ ఇదే. పరీక్ష అయ్యాక చెయ్యి మంటలెత్తిపోతుంటే ఈవిడే ఇలాగే రాసేది. మూడేళ్ళు. ఆ వాసన ముక్కుకు తగలగానే ఏడుపొచ్చింది. సిగ్గు పడకుండా కాసేపు ఏడ్చాను. పక్క మంచం మీద సొనాయి ముసుగు తీసి చూసి, "పిన్నీ, ఆ పాత పసుపు మరకయిపోతాది. మాం పీపా పసుపే రాసుకుంతాం" అంది.

పీపా పసుపు అంటే కింద కర్మాగారాల్లో పీపాల్లో పులియబెట్టి తీసేది. మూడేళ్ళ నుంచి వస్తోంది. అది వచ్చాక కొండ మీద పసుపు తవ్వేవాళ్ళు లేరు. రంగు బ్రహ్మాండం, వాసన మాత్రం లేదు.

చిలకమ్మ మూతి తిప్పింది. "దాన్ని పసుపంతారా? నా పెరట్లో రెండు పాదులుండబట్టి గానీ."

విడుదలకు 6 రోజులు
వేడి 27. తేమ 81. చేయి శుభ్రమేనా?

ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలాను.

పొద్దున లేచి అలవాటు ప్రకారం నీళ్ళతో చెయ్యి కడుక్కుని పొడుగు పంజరంలో పెట్టాను. మొన్నటి లెక్క సరిగ్గా వేశానో లేదో మళ్ళీ చూద్దామని. వంద దోమలను వదిలాను. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. నా చెయ్యి వైపు నుంచి తరిమినట్టు పోయి అవతలి కొసన గుంపు కట్టాయి. తొంభై తొమ్మిది గిన్నె మీద. ఒకటి పైకప్పుకు అంటుకుని కూర్చుంది.

సంతోషం పట్టలేకపోయాను. నా దోమ పనిచేస్తోంది! అరిచాను కూడా. తరువాత చేతి వైపు చూసుకున్నాను. గోళ్ళు పచ్చగా ఉన్నాయి.

రెండో చెయ్యి పెట్టాను, చిలకమ్మ పసుపు రాయనిది. డెబ్భై తొమ్మిది వాలాయి.

పీపా పసుపు తెచ్చి మళ్ళీ చేశాను. వాలాయి. చిలకమ్మ పసుపుతో చేశాను. పారిపోయాయి. నాలుగుసార్లు తిప్పి తిప్పి చేశాను, వేరే జవాబు వస్తుందేమో అని. రాలేదు.

నేను మూడేళ్ళు ఏరింది మనిషి వాసన గిట్టని దోమను కాదు. కొండ పసుపు గిట్టని దోమను.

పాత పుస్తకాలు దించాను. పదకొండు వందల నలభై రోజుల పరీక్షలు. రోజూ మూడో గడిలో నా చేతిరాతలో ఒకే మాట: అవును, అవును, అవును. అబద్ధం రాయలేదు. నిజమనే రాశాను. చెయ్యి మీద సెంటు ఉంటే రాసేదాన్ని. ఒక సహాయకుడు ఉల్లిపాయలు తరిగి వచ్చాడని వారం లెక్క చింపి పారేసినదాన్ని. కానీ పసుపు! మా అమ్మ గడప కడిగితే పసుపు, దెబ్బ తగిలితే పసుపు, బాలింతకు పసుపు. పసుపు రాసిన చెయ్యి శుభ్రంగా ఉందా అని మనలో ఎవరైనా అడుగుతారా? శుభ్రం అయ్యాక రాసేదే అది. నా కళ్ళకు అదొక వస్తువుగానే ఆనలేదు.

మరి గూడేల్లో సున్నా ఎలా వచ్చింది? పదకొండూ పసుపు గూడేలే. చిలకమ్మ చుట్టాలున్న ఊళ్ళు, జనం మాట వింటారని మేమే ఎంచుకున్నాం. ఇంటింటా పసుపు ఉడికేది, ఆరేది, మంచం కింద బస్తాలు, పిల్లల ఒంటికి పొద్దున్నే నూనె పసుపు. దోమ పారిపోక ఏం చేస్తుంది? పీపా పసుపు వచ్చింది. వాసన పోయింది. దోమ తిరిగొచ్చింది. అప్పటికి దోమతెర లేదు, మందు లేదు, చూసేవాళ్ళు లేరు.

అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందంటారు. నేను కోతిని చేసి ఇరవై రెండేళ్ళు అయ్యవారని దండలు వేయించుకున్నాను.

లంకల్లో కొండ పసుపు ఎవరి దగ్గరా లేదు.

విడుదలకు 5 రోజులు
వేడి 27. తేమ 80.

సొనాయికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఏడవలేదు. కదలలేదు. చిలకమ్మ చేతుల్లోనే పుట్టింది, ఆ చేతులతోనే బట్టలో చుట్టింది.

సొనాయి బతికింది. కళ్ళు తెరిచి, "ఆడపిల్లా, మగపిల్లడా?" అని అడిగింది.

విడుదలకు 4 రోజులు
వేడి 27. తేమ 80.

పంజరాల పని చేశాను.

విడుదలకు 3 రోజులు
వేడి 28. తేమ 79.

ఇంద్రకుమార్‌కు అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. అది ఒప్పుకోవాలి.

"అయితే లంకల్లో పసుపు నూనె పంచుదాం మేడమ్. పెద్ద పనేం కాదు."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

"తొంభై లక్షల మందికి ఎప్పటికీ పసుపు రాస్తూ ఉంటే మధ్యలో నా దోమ ఎందుకు నాయనా? పసుపే చాలుగా!"

అతను గొంతు తగ్గించాడు. "మీ చెయ్యి శుభ్రమని మీరే పదకొండు వందల సార్లు రాశారు. ఇప్పుడు కాదంటే, మీ లెక్కంతా తప్పంటే, పైవాళ్ళు ఒప్పుకోరు. ముసలావిడకు మతి తప్పిందంటారు. ఒక దారి ఉంది. అటెండరు నియమం మీరి, మీకు తెలియకుండా ఏదో మందు రాసిందని రాసివ్వండి. విచారణ పేరుతో నెల రోజులు వాయిదా వేయిస్తాను. మీ పేరుకు మచ్చ రాదు."

నెల తరువాత? అటెండరు తప్పు దిద్దేశాం అని చెప్పి ఇదే దోమను వదులుతారు. అది నాకు తెలుసు. తెలిసి కూడా కాగితం తీసుకున్నాను. "అటెండరు వంతల చిలకమ్మ" అని మొదలుపెట్టి రెండు వాక్యాలు రాశాను. ఛీ, ఎంత సులువుగా వచ్చాయో ఆ రెండు వాక్యాలు. చింపేశాను.

సాయంత్రం చిలకమ్మకు చెప్పాను. పసుపు సంగతి, గూడేల సంగతి, ఇంద్రకుమార్ చెప్పిన దారి, నేను రాసి చింపిన కాగితం, ఏదీ దాచలేదు. పొయ్యి దగ్గర కూర్చుని వింది.

"అయితే నా సెయ్యేనేటి?" అంది. "నా మనవరాల్ని నా సెయ్యేనేటి సంపేసింది?"

"కాదు. నా చెయ్యి. చెయ్యి నాది, పుస్తకం నాది, సంతకం నాది."

"నువ్వు సెయ్యట్టుకొచ్చి మంట మంట అని ఏడిస్తే రాసినాను. అంత సదువుకున్నావు, ఒక్కనాడైనా అడిగినావా, సిలకమ్మా ఇదేటి రాస్తన్నావు, ఎందుకు రాస్తన్నావు అని?"

"అడగలేదు."

"ఆ పుస్తకాల్లో నా పేరెక్కడైనా ఉందా? మూడేళ్ళు. నీ అన్నం, నీ పురుగులు, నీ సెయ్యి. ఎక్కడైనా రాసినావా?"

లేదు. పదకొండు వందల నలభై రోజుల్లో ఒక్కచోట కూడా లేదు. ఉండి ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడిగేవారు, ఈ చిలకమ్మ ఎవరు, ఏం పని చేసింది అని. ఆ ఒక్క ప్రశ్నకే అంతా బయటపడేది.

"మంచికి రాయని పేరు తప్పుకి కావాల్సొచ్చింది మీకు" అని లేచి, సొనాయిని లేపుకుని, కొడుకును పిలిచి వెళ్ళిపోయింది. నేను గుమ్మం దాకా వెళ్ళాను. వెనక్కి తిరిగి చూడలేదు.

విడుదలకు 1 రోజు
వేడి, తేమ చూడలేదు.

గాలిపడవ తెల్లారి వస్తుంది. ఒక్కదాన్నే వెళ్ళాలి. ఏం చెయ్యాలో తెలుసు, ధైర్యమే చాలడం లేదు. మాటలు చెబితే ముసలావిడకు మతి పోయిందంటారు. చెయ్యి పెట్టి చూపించాలి. కానీ ఈ చెయ్యి నేనే కడుక్కుని, శుభ్రమని నేనే అంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్ముతానా?

విడుదల రోజు
లంకల రేవు. తిరిగివచ్చాక రాస్తున్నాను.

తెల్లారి గాలిపడవ ఎక్కబోతుంటే చిలకమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. నా మొహం చూడలేదు. "నీ సెయ్యి నువ్వు కడుక్కుంతే ఎవుడూ నమ్మడు" అంది. ఎలా తెలిసిందో అడగలేదు. చేతిలో సబ్బుబిళ్ళ ఉంది.

రేవులో వేలమంది. పడవల మీద, తేలే అరుగుల మీద, పిల్లల్ని భుజాలకెత్తుకుని. ఒక పక్క దోమతెరలు ఇల్లంత ఎత్తున పోగేసి ఉన్నాయి, ఉదయం నుంచీ ఇంటింటా తెచ్చి అప్పగించారట. మధ్యలో గాజుపెట్టె, అందులో నా దోమలు పది వేలు. ఇంద్రకుమార్ నా పేరు చెబితే చప్పట్లు కొట్టారు.

నేను మూత మీద చెయ్యి వెయ్యలేదు. "ఒక బకెట్టు నీళ్ళు కావాలి" అన్నాను. పూజేదో చేస్తుందనుకుని తెచ్చారు.

చిలకమ్మ నా చీర చెంగు దోపి, మోచెయ్యి పైదాకా సబ్బు రుద్దింది. గోళ్ళ సందులు కూడా. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అంత గట్టిగా రుద్దింది, చర్మం ఎర్రబడింది. కోపం అంతా అందులో చూపించింది. ఇంద్రకుమార్ దగ్గరికొచ్చి, "మేడమ్, వద్దు" అన్నాడు నెమ్మదిగా. "ఇవి మనిషి మీద వాలవు అని చెప్పారుగా నాయనా, భయమెందుకు?" అన్నాను గట్టిగా, మైకులో పడేలా.

గాజుపెట్టె పక్కనున్న గుడ్డతొడుగులోంచి చెయ్యి లోపల పెట్టాను.

మొదట చప్పుడు. తరువాత చెయ్యి కనబడలేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లగా దోమలు. మంట తలకెక్కింది. తియ్యలేదు. జనం లేచి నిలబడ్డారు. లంక జనానికి దోమ సంగతి నేను చెప్పాలా?

రేవులో వెలుగుతున్న తెరగోడలన్నీ ఆరిపోయాయి. ఎవరో పైనుంచి ఆర్పించారు. కానీ రేవులో ఉన్నవాళ్ళ కళ్ళను ఆర్పలేరు కదా.

"ఇది నా తప్పు" అన్నాను. మైకు లేకుండానే. "ఇరవై రెండేళ్ళ కింద నా చెయ్యి శుభ్రం అని రాశాను. కాదు. దీన్ని నమ్మి కొండ మీద పదిహేను మంది పోయారు. పదిహేనో మనిషి ఈవిడ మనవరాలు. మీ దోమతెరలు మీరు ఇవ్వకండి."

అందరికీ వినబడలేదు. ముందు వరసలో నీలం చీర కట్టుకున్న ఒకామెకు వినబడింది. ఆమె లేచి, పోగు దగ్గరికి నడిచి, తన తెర వెతుక్కుని చంకన పెట్టుకుంది. "అమ్మా, అది ప్రభుత్వానిది, అక్కడ పెట్టు" అని ఒక సిపాయి అన్నాడు. "నీదైతే నువ్వు పడుకో లంకలో" అని ఆమె తిరిగి చూడకుండా పడవెక్కింది. ఆమె వెనుక ఇంకొకామె. తరువాత వరస కట్టారు. మధ్యాహ్నానికి పోగు మూరెడు ఎత్తు కూడా మిగలలేదు.

మూత తెరవలేదు. రేపు విచారణ అంటున్నారు, కేంద్రం తాళాలు అడిగారు. ఇచ్చేస్తాను. ఈ పుస్తకం మాత్రం ఇవ్వను.

తిరిగొచ్చేసరికి చెయ్యి వాచి దుంగ అయింది. చిలకమ్మ చూసింది. మూట విప్పబోయి ఆగింది. "రాయమంతావా?" అని అడిగింది. రాయమన్నాను. ఆవిడ పసుపు రాస్తున్నంతసేపూ నేను రెండో చేత్తో పుస్తకంలో నాలుగో గడి గీసుకున్నాను.

వేడి 31. తేమ 88.
చేయి శుభ్రమేనా? అవును. సబ్బు, మూడుసార్లు.
కడిగినది: వంతల చిలకమ్మ.
పరీక్ష అయ్యాక పసుపు రాసినది: వంతల చిలకమ్మ.

"సదువు" అంది. చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"పోయినోళ్ళ పేర్లు కూడా రాయి."

గూడెం పెద్ద వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పిన పద్నాలుగు పేర్లూ ఆవిడే చెప్పింది, నేను రాశాను. పదిహేను దగ్గర కలం ఆగింది.

"దానికింకా పేరు పెట్టలేదు కదా చిలకమ్మా" అన్నాను.

"గడి గియ్యి" అంది.

గీశాను.